సున్నాలు నింపిన చోట

ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నాకు మిగిలిన నాలుగు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి. కావాలంటే ఊపి చూసుకో.

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా మేడ మీది గదిలో సునయన అద్దెకుండేది. విజయవాడ నుంచి వచ్చిన కంప్యూటరు పిల్ల. ఆ మధ్యాహ్నం వానకి వీధిలో ఆటోలు పడవల్లా తేలుతుంటే, మా తమ్ముడు ధర్మలింగం తడిసి ముద్దై పైకెక్కి, ఆమె చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు.

అతని భార్య జయంతి ఫోనులో రికార్డు చేసిన చివరి మాట అందులో ఉండాలి. వరదలో మనిషీ పోయింది, ఫోనూ మునిగింది. రిపేరు అంగడివాడు ఆ ఫోను కడుపులోంచి లాగగలిగింది వట్టి అంకెలూ అక్షరాలే. సున్నా నుంచి తొమ్మిది, ఏ నుంచి ఎఫ్. అవే పేజీలకు పేజీలు.

"ఆమె గొంతు మరిచిపోతా ఉండా పాపా. మొహమంటే ఫోటోలో ఉండాది. గొంతు ఏడ వెతికేది?"

సునయన తన పక్కనున్న రెండో కుర్చీ మీది బట్టలు తీసింది. తడి బట్టలతో ఎందుకని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

రెండేసి గుర్తులు కలిస్తే ఒక బైటు, కంప్యూటరు లెక్కలో ఒక ముక్క. అలా వెనక్కి మార్చుకుంటూ పోతే ఆ రాత మళ్ళీ శబ్దమవుతుంది. అయితే ప్రతి వరుస ముందూ దాని స్థానం రాసి ఉంది. నడుమ బోలెడు వరుసలు లేవు.

"మధ్యలో కొంత పోయింది అంకుల్. దగ్గరికి జరిపి అతికించేయనా?"

"వద్దమ్మా. ఆమె ఎంతసేపు ఆగిందో అంతసేపూ ఆగనీ."

అందుకని ప్రతి వరుసనూ దాని చోటే ఉంచి, ఖాళీని సున్నాలతో నింపింది. శబ్దంలో సున్నా అంటే నిశ్శబ్దం. ఇంకేమీ కాదు.

ఫైలు నొక్కగానే జయంతి గొంతు పలికింది. "ఏమయ్యా, ఈడ వాన దంచతా ఉండాది. గొడుగెత్తుకొని రా."

ధర్మలింగం గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు.

తర్వాత సున్నాలు మొదలయ్యాయి. గదిలో బురద వాసన. వరద తీసిన ఇంట్లో వచ్చే వాసన. ఆ నిశ్శబ్దంలో... ఎవరో ఊపిరి పీల్చారు. నీళ్ళలోంచి పీల్చినట్టు.

"ఆ పాప పక్కన... ఎవురయ్యా కూర్చోనుండేది?" జయంతి గొంతే.

సునయన కదల్లేదు. కళ్ళు మాత్రం పక్కకు తిప్పింది. ఖాళీ కుర్చీ.

ఫైలు తెరిచి చూసింది. ఆ చోట అన్నీ సున్నాలే. మొదటినుంచీ మళ్ళీ మార్చింది.

"ఇంకోసారి పెట్టు పాపా," అన్నాడు తమ్ముడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. అతనికి గొంతే కావాలి, మాట కాదు.

గొడుగు మాట అలాగే వచ్చింది. సున్నాల దగ్గర జయంతి గొంతు ఈసారి సునయన చెవి పక్కన...

"కదలొద్దని చెప్పయ్యా. అది... ఆ పాప దిక్కు తిరిగింది."

కుర్చీ కిర్రుమంది. సునయన మోచేతి మీద చల్లగా ఒక నీటిబొట్టు పడింది.

ఆ పిల్ల దిగిన వేగానికి మెట్లు ఇప్పటికీ వెచ్చగానే ఉన్నాయి. ల్యాప్‌టాప్ కోసమైనా తిరిగి రాలేదు. తమ్ముడు మాత్రం పైనే ఉన్నాడు. పెట్టిందే పెట్టి వింటున్నాడు. గొడుగు మాట దాకా విని ఆపేస్తానంటాడు. ఆపడు.

నా మోకాళ్ళు మెట్లెక్కవు నాయనా. నువ్వు పోయి ఆ రెండో కుర్చీని కిందికి తెచ్చిపెట్టు. ఖాళీదే, వట్టి ప్లాస్టిక్. ఎత్తబోతే బరువుగా ఉంటే మాత్రం... ఆడనే వదిలేసి, తమ్ముడి చెయ్యి పట్టుకొని దిగిరా.