కిందికి దిగావా?

అక్కడ ఇంకా సరిగా తెల్లవారి ఉండదు, ముసలావిడ నిద్రమాత్ర మత్తులో ఉంటుంది, కరుణశ్రీ ఆవిడ మంచం పక్కనే పడుకుని ఉంటుంది, లేదా లేచి చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది, లేదా... జోజప్ప ఆలోచన అక్కడికొచ్చి ఆగిపోయింది. ముందున్న పళ్లెంలో ఇడ్లీలు చల్లారిపోయాయి.

కూతురు కరుణశ్రీ ఇజ్రాయెల్‌లో, హైఫాలో, సరిగా నడవలేని ఒక ముసలావిడకు కేర్‌టేకర్. యుద్ధం మొదలైన రోజే జోజప్ప తన ఫోనులో ఆ ఊరి సైరన్ యాప్ పెట్టించుకున్నాడు. అక్కడ హెచ్చరిక మోగితే ఇక్కడ తిరువూరు వంటింట్లోనూ మోగుతుంది. మోగగానే అక్కడివాళ్లు మెట్లు దిగి నేల కింది షెల్టర్‌లోకి పోవాలి. వెంటనే జోజప్ప “కిందికి దిగావా?” అని మెసేజ్ కొడతాడు. “దిగాను నాన్నా” అని వచ్చేదాకా ఊపిరాడదు.

మోగినప్పటి భయం ఒక రకం. మోగనప్పటిది ఇంకా పెద్దది. డిపో వైపు తిరిగే బస్సు హారన్‌లో, పక్కింటి మిక్సీలో అదే కూత వినపడి ఉన్నచోటే లేచి నిలబడిపోతున్నాడు. ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసిన మనిషికి, ఇప్పుడు తన ఊళ్లోనే ఏ స్టాపులో ఉన్నాడో తెలియడం లేదు.

“అన్నయ్యా, రాత్రి ఎన్ని మిసైళ్లు పడ్డాయి?” గోడ అవతలి నుంచి పక్కింటి మాణిక్యమ్మ అడిగింది.

“చానా వచ్చాయి. ఎక్కువ పైనే పేల్చేశారు. రెండు దాటొచ్చినట్టున్నాయి.”

“అయినా అమ్మాయి పరిశుద్ధ భూమిలో ఉంది. దేవుడే చూసుకుంటాడులే.”

ఆమె వెళ్లాక భార్య రిబ్కా పళ్లెం తీస్తూ అంది. “క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతున్నారు. అక్కడున్నది మన పిల్లండీ.”

వార్త చెబుతున్నంతసేపూ తన గొంతులో ఏదో బరువు, ఏదో గొప్ప చేరుతోందని జోజప్పకూ తెలుసు. అందుకే ఆ మాట గుచ్చుకుంది.

ఇంతలో కరుణశ్రీ వీడియో కాల్ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

“నిన్న మోగాక ఎంతసేపు చూశానో తెలుసా?” జోజప్ప ముందే అందుకున్నాడు. “ఆ ముసలావిడను వదిలేసి ముందు నువ్వు దిగమని ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఆవిడ పడిపోయింది నాన్నా. నిన్న, మెట్ల మీద.”

“ఆ వయసులో పడతారు. నువ్వేం చేస్తావ్?”

“నేనే పడేశా.” కరుణశ్రీ కళ్లు తుడుచుకుంది. “రెండు చేతులతో పట్టుకుని దింపుతున్నా. నీ మెసేజ్ వచ్చింది. జవాబివ్వకపోతే మళ్లీ కొడతావు, మళ్లీ కొడతావు. టైప్ చేద్దామని ఒక్క క్షణం చెయ్యి వదిలా. మణికట్టు విరిగింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చా.”

“నా భయం నీకేం తెలుసే?” అన్నాడు. ఆ కేక తన చెవికే పరాయిగా వినపడింది.

“నాదెవరికి తెలుసు నాన్నా? మోగగానే ఇక్కడ నా భయం, అక్కడ నీ భయం, రెండూ నేనే మొయ్యాలి. ఆవిడేమందో తెలుసా? నొప్పికి మూలుగుతూనే, ‘మీ నాన్నకు జవాబిచ్చావా’ అంది.”

ముక్కూమొహం తెలియని ఆ ముసలావిడ ఆ మెట్ల మీద జోజప్ప గురించి ఆలోచించింది. తను ఇన్నాళ్లూ ఆవిడను వదిలేయమనే చెప్పాడు. కండువాతో మొహం కప్పుకున్నాడు.

“తప్పమ్మా... తప్పైపోయింది. ఆవిడకు చెప్పు.”

“ఏడవకు నాన్నా,” అంటుండగానే సైరన్ మోగింది. అక్కడా, ఇక్కడా, ఒకేసారి. “పెట్టేస్తున్నా” అంది కరుణశ్రీ, తెర ఆరిపోయింది.

ఆయన బొటనవేలు అలవాటు కొద్దీ రాసేసింది. కిందికి దిగావా?

“పంపండి, అడగండి! దిగిందో లేదో!” రిబ్కా ఆయన భుజం పట్టుకుని కుదిపేసింది.

“మెట్ల మీదుంటుందే. రెండు చేతులూ కావాలి దానికి.”

అక్షరం తర్వాత అక్షరం చెరిపేశాడు.