ఆదోనిలో మ్యూనిక్

తిమ్మప్పను చంపిన మనిషి ఒకడు. వాడికి ధైర్యమిచ్చిన పెద్దమనుషులు నలుగురు. ఆ నలుగురిలో ఒక్కడికీ శిక్ష పడలేదు.

1955 ఫిబ్రవరి. సోమవారం ఉదయం ఏడు గంటలు. ఆదోనిలో రీడింగ్ రూమ్ వెనక ఉన్న పత్తి యార్డులో, బేళ్ల మధ్య శవం దొరికింది. మెడకు తాడు బిగించి ఉంది. బేళ్లు లాగే తాడు.

చనిపోయినవాడు ఎమ్మిగనూరు నేతగాడు తిమ్మప్ప.

ఇన్‌స్పెక్టర్ భీమరావు వంగి చూశాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయన మాటలు తగ్గించాడు.

"నిన్న సాయంత్రం అయిదు, ఆరు మధ్య," అన్నాడు డాక్టర్.

సరిగ్గా ఆ వేళకు రీడింగ్ రూమ్‌లో హిస్టరీ మాస్టారు రంగనాథ ఉపన్యాసం. విషయం మ్యూనిక్ ఒప్పందం. కిటికీలకు గొంగళ్లు కట్టి, చీకట్లో మ్యాజిక్ లాంతరుతో తెర మీద బొమ్మలు చూపించారు.

పదకొండుకు జీపు ఎమ్మిగనూరు చేరింది.

తిమ్మప్ప భార్య ఈరమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని ఉంది. మొగుడి చావు కబురు అప్పటికే అందింది. ఇన్‌స్పెక్టర్ వచ్చినా లేవలేదు.

"లేస్తే మగ్గం ఎత్తుకుపోతారు సారూ."

"ఎవరు?"

"మా బావ అయ్యన్న. మా ఆయనకు అన్న, ఈ ఇంట్లోనే ఉంటాడు. పొద్దున్నే పెద్దమనుషుల్ని తోలుకొచ్చినాడు. ఇంతకుముందు మొదట ఎలుతురొచ్చే గోడ పక్క జాగా అడిగినాడు. ఇచ్చేయమనిరి. మల్లా పెద్ద మగ్గం అడిగినాడు. అదీ ఇచ్చేయమనిరి. ఇప్పుడు ఇది. ఇది గూడ పోతే నా పిల్లోళ్లకు ఏం పెట్టాల?"

"నీ మొగుడు ఎందుకు ఒప్పుకున్నాడు?"

"మా ఆయన్ను అడిగితే గదా! ఐవారింట్లో తలుపేసుకొని నలుగురే మాట్లాడుకునిరి. ఈయన్ను అరుగు మీద కూసోబెట్టిరి. బయటికొచ్చి, ఇచ్చేయప్పా, గొడవొద్దు అనిరి. ఈ మగ్గం మాత్రం ఇయ్యనని ఐవారికి సెప్పొస్తానని నిన్న ఆదోనికి పోయినాడు."

ఐవారంటే రంగనాథే. ఊరు ఎమ్మిగనూరు, ఉద్యోగం ఆదోని. ఆ నలుగురికీ పెద్ద.

అయ్యన్న వీధిలో నిలబడి ఉన్నాడు. చేతులు దుప్పట్లో దాచుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఐవారి ఉపన్యాసంలో. ముందు వరసలో."

"చివరిదాకా?"

"ఆఖరిదాకా సారూ. సెప్పమంటారా?"

చెప్పాడు. హిట్లర్ ఒక చిన్న దేశంలో ముక్క అడిగాడు. గొడుగు పట్టుకు తిరిగే ఇంగ్లీషు ప్రధాని, ఆ ముసలాయన, ఇచ్చేద్దామన్నాడు. ఆ చిన్న దేశం వాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టి, పెద్ద దేశాలే సంతకాలు పెట్టాయి. ఒక్కటీ తప్పు పోలేదు.

"ముగింపు?"

"ముసిలాయప్ప పిరికోడు గాదు, ఒక ఏడాది శాంతి సంపాదించినాడు, పెద్దమనుషులు సేయాల్సింది అదే అని సెప్పినాడు. జనం సప్పట్లు కొట్టిరి."

మాస్టారిని అడిగితే అవునన్నాడు. "అయ్యన్న ముందు వరసలో ఉన్నాడు. నేనే చూశాను."

"ఉపన్యాసం సజావుగా సాగిందా?"

రంగనాథ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "సాగింది. అంతకు ముందు ఆదివారం మా ఊళ్లో చెప్పిందే."

ఇక ఆదోనిలో మిగిలింది యార్డు వాచ్‌మన్ కృపానందం. మాజీ సిపాయి. కుడిచేతికి రెండే వేళ్లు.

"నీ యార్డు, నీ తాడు. నువ్వెక్కడున్నావు?"

"ఐవారి మీటింగ్‌లో సారూ. అరిసి, ఆపించి వచ్చినా."

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు. "ఆపించావా?"

"అవును సారూ. ముక్క ఇస్తే శాంతి వచ్చెననబోయినాడు. లేసినా. 'ఐవారూ, ఆరు నెల్లకే ఆ దేశాన్ని మింగె గదా, అది ఏల సెప్పవు? నీ శాంతికి నా మూడు వేళ్లు ఇటలీ మట్టిలో ఉండాయి. పోయి తెచ్చిస్తావా?' అన్నా. జనం ఒకటే నవ్వు. ఐవారు లాంతరు ఆర్పి దిగిపోయినాడు."

"టైమ్?"

"అయిదున్నర."

సాయంత్రం ఈరమ్మ ఇంట్లోనే అందరినీ కూర్చోబెట్టాడు భీమరావు. నలుగురు పెద్దమనుషులు, అయ్యన్న, కృపానందం. ఈరమ్మ మగ్గం దగ్గర.

"అయ్యన్నా, చప్పట్లు ఎంతసేపు కొట్టారు?"

"శానాసేపు సారూ."

"నిన్న ఆదోనిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్వారు. నువ్వు చెప్పిన ముగింపు అక్కడ ఎవరూ వినలేదు. మాస్టారు అందాకా పోనేలేదు. అదే ఉపన్యాసం అంతకు ముందు ఆదివారం ఈ ఊళ్లో చెప్పారు. నువ్వు విన్నది అది. నిన్న బొమ్మలు మొదలు కాగానే చీకట్లో లేచిపోయావు. యార్డులో వాచ్‌మన్ లేడు. మాస్టారి కోసం తిమ్మప్ప అక్కడ కాచుకుని ఉన్నాడు."

అయ్యన్న దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"చేతులు చాపు."

చాపలేదు. కానిస్టేబుల్ మద్దయ్య దుప్పటి లాగేశాడు. రెండు అరచేతులకూ అడ్డంగా తాడు కోసుకుపోయిన చారలు.

రంగనాథ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "సజావుగా సాగిందని అబద్ధం చెప్పాను. నేను పుస్తకంలో చదివిన యుద్ధాన్ని ఈ వాచ్‌మన్ చూసి వచ్చాడు. అది ఓర్చుకోలేక, వాడి ముందు ఓడిపోయానని చెప్పలేకపోయాను."

"మీ అసూయ వీడి అసూయను ఒక పూట దాచింది. అంతే," అన్నాడు భీమరావు.

అప్పుడు అయ్యన్న లేచాడు. ఈరమ్మ వైపు కాదు, మగ్గం వైపు చూశాడు.

"జాగా ఇచ్చిరి. ఆ జాగాలో కూసున్నా వాని మాదిరి అంచు రాలే. పెద్ద మగ్గమిచ్చిరి. రాలే. మా నాయన సచ్చేటప్పుడు ఏమన్నాడో తెలుసా? తిమ్మడు నేసిన గుడ్డ కప్పండిరా అన్నాడు. నేను పక్కనే ఉండా. వానికి ఒక మగ్గం మిగిలినా నాకు నిద్ర పట్టదు. నిన్న యార్డులో వాన్ని అడిగితే, 'నువ్వు మగ్గాలు తీసుకుపోతివి గాని చెయ్యి తీసుకుపోలేవన్నా' అని నవ్వినాడు."

బేడీలు పడ్డాయి. జీపు ఎక్కించారు.

ఈరమ్మ గుంతలోంచి కాళ్లు పైకి తీసింది. అప్పుడు ఏడ్చింది.

నలుగురిలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "సార్, అయ్యన్న పెళ్లాం పిల్లలు గూడ ఈ ఇంట్లోనే బతకాల. వాళ్ల కడుపులు గూడ సూడాల గదా. ఈ మగ్గం ఇద్దరాడోళ్లకూ సగం సగమని మీరొక్క మాట సెప్పిపోతే..."

భీమరావు టోపీ పెట్టుకున్నాడు.

"పంచే మాట నా నోట రాదు. జరిగింది కోర్టులో ఒకసారి చెబుతాను. చట్టం అడుగుతుంది కాబట్టి. ఆ తర్వాత ఈ విషయం మీలో ఎవరితోనూ మాట్లాడను. దారిలో కనబడి అడిగినా మాట్లాడను. చచ్చేదాకా మాట్లాడను."