ఖాళీ చేయని గదిలో సబ్బు

ఇరవై ఏళ్ళు మట్టితో కుస్తీ పట్టినా పేరు రాక, చివరికి సబ్బుముక్కల దగ్గర తేలాడు శిల్పి. అతని భార్యది లాడ్జిలో గదులు శుభ్రం చేసే పని. వచ్చినవాళ్ళు వాడి వదిలేసిన సబ్బులు చెత్తబుట్ట పాలవుతుంటే మనసొప్పక ఒకరోజు కొన్ని ఇంటికి తెచ్చింది. ఒక్కో ముక్కా ఒక్కో అరచేతికి అరిగి, ఒక్కో ఆకారంలో ఉంది. అవి చూశాక అతనికి నిద్ర పట్టలేదు. ముక్కల్ని తడిపి, ఒకదానికొకటి అదిమి, చెక్కి, మూడు నెలల్లో భార్య తలను చేశాడు. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చకి నల్లసబ్బు పలుకు గుచ్చాడు.

రేపే ప్రదర్శన. ఈసారీ బొమ్మను వెనక్కి పంపితే ఉలి అటకెక్కించి, అన్న సిమెంటు కొట్లో కూర్చుంటానని మాటిచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం భోంచేసి బల్ల దగ్గరికొచ్చి చూస్తే, బొమ్మ ముక్కు అరిగిపోయి ఉంది. తడిగా, నున్నగా.

"దీంతో చేతులు కడిగిందెవరు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఉన్నది ఇద్దరం. నేను కడగలేదు. ఇక మీరే చెప్పాలి," అంది భార్య వంటింట్లోంచి. "అరిచే ఓపికుంటే నా కళ్ళజోడు చూడండి. ఇందాకట్నుంచి ముక్కు మీద నిలవట్లేదు."

"ఇక్కడ నా కొంప మునుగుతుంటే కళ్ళజోడొకటి!"

కొత్త ముక్క అతికించాడు. ఊడింది. మళ్ళీ అతికించాడు. మళ్ళీ ఊడింది. మూడోసారికి ఉలి విసిరికొట్టాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సబ్బు మీద కోపమెందుకు?"

"మంచి సబ్బేనే! నీ సంచిలో కాగితం చుట్టిన ఆకుపచ్చది ఉందిగా, మొన్న దాన్నే నూరి బొమ్మ ముఖమంతా పూత పూశాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అది పొరపాటున తీశానండీ. తిరిగి పెట్టేద్దామని విడిగా చుట్టాను. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ సబ్బే తీయాలి. తిరిగొచ్చే మనిషిది ముట్టుకోకూడదు."

"ఒక్క సబ్బుకింత రాద్ధాంతమా? కొత్తది పెట్టు."

"ఆ గదిలో దిగినాయన ఎనిమిది రోజుల కిందటే రోడ్డు ప్రమాదంలో చనిపోయాడట. నిన్న కబురొచ్చింది. పెట్టె ఇంకా గదిలోనే ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "నేనా సబ్బు తీసింది నాలుగు రోజుల కిందట. అప్పటిదాకా రోజూ పొద్దున తడిగానే ఉండేది. మనిషి గదిలో ఉంటున్నాడనే అనుకున్నా..."

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక అవస్థ పడుతున్నారు. ఆ చప్పుడు మధ్యలో ఇంకో చప్పుడు వినిపించింది.

బాత్రూంలో కొళాయి తిరిగింది.

నీళ్ళు ధారగా పడుతున్నాయి. కాసేపటికి సబ్బు వాసన గదిలోకి వచ్చింది. ఘాటుగా, అప్పుడే తడిపినట్టు...

బొమ్మ బుగ్గ మీద ఒక బుడగ లేచింది. ఇంకొకటి. ఎవరూ ముట్టుకోకుండానే నురగ పొంగుతోంది. అది గుండ్రంగా తిరుగుతోంది... తాపీగా, అలవాటుగా. బుగ్గలు రెండూ అరచేతుల మేర పల్లం పడ్డాయి. నల్లపలుకు నురగలో జారి బల్ల మీద పడింది.

"ఏమండీ..." భార్య గొంతు సన్నగా వచ్చింది. "నా మొహం మీద తడేంటి?"

తిరిగి చూశాడు. ఆమె ఎడమ బుగ్గ మీద నురగ ఉంది. చేత్తో తుడుచుకుంది. కింద చర్మం నున్నగా ఉంది. పుట్టుమచ్చ లేదు. కళ్ళజోడు జారి నేల మీద పడింది. పట్టి ఆపడానికి అక్కడ ముక్కు సగమే ఉంది.

ప్రదర్శన, అన్న కొట్టు, ఏదీ గుర్తు లేదతనికి. పొడి దుప్పటి లాగి బొమ్మ తలకి నాలుగు మడతలు చుట్టి, గుండెకి అదుముకుని ఓ మూల కూలబడ్డాడు.

"ఇది నీది కాదయ్యా," అన్నాడు. "నా భార్య... వదిలెయ్."

కొళాయి ఆగిపోయింది.

ఇద్దరూ బాత్రూం వైపు చెవులు రిక్కించారు. బయట స్కూటర్ స్టార్టయి వెళ్ళిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. అమ్మయ్య అనుకోబోయాడు.

అప్పుడు అతని చేతుల కింద, దుప్పటి లోపలినుంచి, గోరువెచ్చగా తడవడం మొదలైంది.