బొటనవేలి కణుపంత

రత్నాలు చోడి అంబలి గిన్నెల్లో పోసేసరికి భర్త సోములు పెరట్లో పల్పర్ ముందు కూర్చుని ఉన్నాడు. కాఫీ మొక్కల మీంచి మంచు ఇంకా లేవలేదు. నిన్న సాయంత్రం కోసిన ఎర్రటి పండ్లు బుట్ట నిండా ఉన్నాయి. ఆ చేతిమిషనులో వేసి మధ్యాహ్నంలోగా తోలు తీయకపోతే పులిసిపోతాయి.

"కొత్త స్ప్రింగు బిగించావా అయ్యా?" జడ అల్లుకుంటూనే బయటికొచ్చింది కూతురు నీలవేణి.

"బిగించినాను. నీ కంప్యూటర్ బొమ్మ ఏపాటిదో సూద్దాం."

ఇద్దరి మధ్యా ఒక పందెం ఉంది. నీలవేణి విశాఖపట్నంలో మెకానికల్ డిప్లొమా చదివింది. అక్కడి కంపెనీ ఒకటి డ్రాయింగులు గీసే ఉద్యోగానికి నెలాఖరులోగా వచ్చి చేరమంది. సోములేమో ఊళ్ళో బడికి విద్యా వాలంటీరు పోస్టు కూతురికే ఇమ్మని సర్పంచిని బతిమాలుకున్నాడు. ఇంతలో పల్పర్‌లో పలకను డ్రమ్ముకి అదిమి పట్టే స్ప్రింగు పనిచేయడం మానేసింది. అలాంటిది ముంచింగిపుట్టు సంతలో దొరకలేదు. నీలవేణి పాతదాన్ని కొలిచి, పాడేరు కంప్యూటర్ సెంటర్‌లో బొమ్మ గీసి, విశాఖలో ఉన్న స్నేహితురాలు కీర్తికి పంపి చేయించింది. అది పనిచేస్తే విశాఖ, లేకపోతే బడి. మాట అన్నది సోములే.

అతను చక్రం తిప్పాడు. డ్రమ్ము తిరిగింది. కింద తట్టలో పండ్లు ఎర్రగా, తోలుతోనే పడ్డాయి. పలక బిగువుగా ఆనడం లేదు.

"పండు పండులానే వత్తంది సూడు. ఇది స్ప్రింగేటే? పెన్నులో ఏసే తీగ!"

"కొలతలో తప్పులేదయ్యా. పాతదాని పక్కన పెట్టి సూడు, ఎంట్రుకంత తేడా ఉండదు."

"తేడా లేకపోతే తోలెందుకూడదు? మాటంటే మాట. రేపెల్లి ఆ పోస్టుకి సంతకం పెట్టు."

"నన్నడక్కుండా అడిగొచ్చిన పోస్టు నాకెందుకు?"

సోములు చక్రం వదిలేసి లేచాడు. "మరేటి సేత్తావు? ఆ ఊళ్ళో నిన్ను కుర్సీ ఏసి కూకోబెడతారనుకుంటన్నావా? కొండోళ్ళ గుంటవని మూల నిలబెడతారు. నానెరగనా? కాపీ మూటలు మోసుకెల్లి ఆళ్ళ అరుగుల కింద నిలబడినోణ్ణి."

నీలవేణి గొంతు పెంచలేదు. "నువ్వు నిలబడినావని నన్నూ నిలబడమంటావేటయ్యా?"

రత్నాలు గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మా, పొద్దున్నే ఏటీ రచ్చ! పండ్లు పులుత్తన్నాయి. తండ్రీ కూతుళ్ళు తరవాత తన్నుకుందురు గానీ, బేగి సేత్తో నలపండి."

ముగ్గురూ బుట్ట చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి నీలవేణి జిగురు చేతులు తుడుచుకుని పాత స్ప్రింగు తీసి ఎండకేసి పట్టుకుంది. తుప్పు ఎర్రగా ఉండాలి. ఇది నల్లగా, గోటితో గీకితే పొట్టులా రాలుతోంది.

"ఇదింత నల్లగా ఉందేటమ్మా?"

"కాలుత్తాం కదే. కోతలకి ముందు గొడ్డలీ, కత్తీ, గునపం అన్నీ పొయ్యిలో పెట్టి, తీసి కడిగి పసుపు రాత్తాం. ఇదీ ఇనుమే గదా. పండ్ల జిగురంతా పోద్దని మీ అయ్యే పెడతాడు."

"ఎప్పట్నుంచి?"

"మిషనొచ్చిన కాడ్నుంచి."

సోములు తల ఎత్తకుండా పండ్లు నలుపుతూనే ఉన్నాడు. కూతురి నోట తిట్టు వస్తే తిరిగి అనడానికి ఒక మాట కూడా సిద్ధం చేసుకున్నాడు.

"గొడ్డలి కాలిస్తే కమ్మరి మళ్ళీ పదునిత్తాడు," అంది నీలవేణి నెమ్మదిగా. "స్ప్రింగుని కాల్చి వదిలేత్తే దాని బిగువు పోతాది. అదిమినప్పుడల్లా కొంచెం కొంచెం కుంగిపోతాది. నేను కొలిచింది కుంగిపోయిన స్ప్రింగుని. అదే గీశాను, ఆళ్ళు అదే సేశారు. తప్పు నాది. కొలిసే ముందు దీన్నేటి సేశారో మిమ్మల్నడగాల."

సోములు సిద్ధం చేసుకున్న మాట ఎందుకూ పనికిరాకుండా పోయింది.

"కొత్తలో ఎంతుండేదో గురుతుందా అయ్యా?"

అతను పల్పర్ వైపు చూశాడు. లేచి వెళ్ళి, స్ప్రింగు తొడిగే ఊచ చివర తన బొటనవేలు ఆనించాడు. "ఊచ దాటి ఇంత బైటికుండేది. ఈ కణుపు దాకా. నట్టు పెట్టాలంటే మీ యమ్మా నానూ కలిసి అదిమేవోళ్ళం."

నీలవేణి వెర్నియర్ కొలబద్ద తెచ్చింది. ముందు ఊచని కొలిచింది. తర్వాత తండ్రి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలి కొస నుంచి కణుపు దాకా కొలిచింది. చల్లటి ఇనుము తగిలి వేలు ఉలిక్కిపడింది.

"కదపకు."

"కదపట్లేదులే. కొలుసుకో," అన్నాడు సోములు.

మర్నాడు అతనూ పాడేరు జీపెక్కాడు. కంప్యూటర్ సెంటర్ నడిపే కామేష్ కుర్చీ చూపించినా కూర్చోకుండా కూతురి వెనకే నిలబడ్డాడు. నీలవేణి ముందు పైకి చుట్టుకుంటూ పోయే ఒక సన్నటి గీత తెప్పించింది. చుట్లు అవే, చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం పెంచింది. గీత మొదట్లో తీగ మందమంత చిన్న సున్నా పెట్టింది. ఆ సున్నా గీత వెంట పాకినట్టే పాకి, తెర మీద స్ప్రింగు లేచి నిలబడింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, రెండు చివర్లూ చదునుగా కోసింది.

"మీ యమ్మ పేనిన నారతాడులా ఉంది," అన్నాడు సోములు.

"అమ్మకి సెప్పకు. దానికీ జీతమడుగుతాది."

కామేష్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. "ఇది నాకు ఎన్నిసార్లు చేసినా రాలేదు మేడమ్. మీరయ్యాక ఒకసారి నేర్పుతారా?"

నీలవేణి తల ఊపి మళ్ళీ పనిలో పడింది. సోములు మాత్రం ఆ మేడమ్ అన్న పిలుపు విన్నాడు. తెర మీద స్ప్రింగుని వదిలి, కుర్చీలో నిటారుగా కూర్చున్న కూతురి వీపు వైపు చూశాడు. ఆమె కొత్త బొమ్మ కీర్తికి పంపి లేచేదాకా అలాగే చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు సర్పంచి ఇంటి దగ్గర అతనొక్కడే దిగిపోయాడు. ఇంటికొచ్చేసరికి తల్లీ కూతుళ్ళు చేత్తో ఒలిచిన గింజలు కడుగుతున్నారు.

"ఆ పోస్టు పక్కింటి చిట్టెమ్మ కోడలికిమ్మని సెప్పొచ్చినాను," అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ.

రత్నాలు చేతిలో బుట్ట ఆగిపోయింది. నీలవేణి మెల్లగా లేచి నిలబడింది.

"స్ప్రింగింకా రాలేదు కదయ్యా. ఇది కూడా సరిపోకపోతే?"

"మళ్ళీ గీత్తావు."

"అప్పటికి నేనిక్కడుండను."

"అక్కడ కూకునే గీత్తావు. నాను కొలిసి సెబుతాను."

నిన్నటి గొడవలో తడవని నీలవేణి కళ్ళు ఇప్పుడు నిండిపోయాయి. సోములు ఏం చేయాలో తెలీక, భుజం మీది తువ్వాలు తీసి కూతురి చేతిలో పెట్టాడు.