పెళ్ళి బండికి పాలసీ

"ఇది కిరాయికి తిప్పే బండా అండీ?" అని పల్లవి అడగ్గానే రాఘవేందర్‌కి ఒళ్ళు మండింది.

నారాయణగూడ ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూసే అమ్మాయి పల్లవి. రాఘవేందర్‌ది చిక్కడపల్లి, అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లలకి లెక్కలు చెబుతాడు. మొన్న వానకి ఒక పాత గోడ కూలి వాళ్ళ నాన్న ఫియట్ కారు ముందుభాగం పచ్చడైంది. పాలసీ ఉందిగా అన్న ధీమాతో వచ్చిన మనిషికి ఈ ప్రశ్న ఎదురైంది.

"నేను లెక్కల సార్‌ని. కిరాయిలు కొడ్త అనుకుంటున్నరా?"

"నేనేమీ అనుకోవట్లేదు. మీరు క్లెయిము ఫారంలో రాసిందే అడుగుతున్నాను."

అతను రాసిందల్లా నిజమే. తెలిసిన మేస్త్రీ మాసయ్య కూతురి పెళ్ళికి బండి తీసుకెళ్ళాడు. పెళ్ళికూతుర్ని అత్తారింట దింపాడు. మాసయ్య తనకి కొత్త బట్టలు పెట్టాడు. తిరిగొస్తూ అశోక్ నగర్‌లో ఆగినప్పుడు గోడ పడింది.

చిక్కంతా ఆ బట్టలతోనే వచ్చింది. గోడ పడినా, చెట్టు పడినా పాలసీ ఇస్తుంది గాని, సొంత బండిని కిరాయికి తిప్పితే పైసా రాదని పల్లవి ఓపికగా చెప్పింది. డబ్బుకి బదులు బట్టలు పుచ్చుకున్నాడేమోనని ఆఫీసరు శ్రీపతి గారికి అనుమానమట. క్లెయిము రాకపోతే బండిని తుక్కుకి అమ్మేస్తానని ఇంట్లో నాన్న అప్పటికే తేల్చేశాడు. రాఘవేందర్ డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ బండి మీదే.

పక్కనే ఉన్న ఏజెంటు జగదీశ్వర్, బట్టల మాట తీసేసి ఇంకో కాగితం రాసిమ్మని గుసగుసలాడాడు.

"ఎందుకు దాచాలె?" అన్నాడు రాఘవేందర్. "మాసయ్య ప్రేమతోని పెట్టిండు. దొంగతనంగ తీసుకున్ననా?"

పల్లవి తలెత్తి అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. ముక్కు మీద కోపమున్నా మనిషి మంచివాడే అనుకుంది. తనే వెళ్ళి విచారించి వస్తానని శ్రీపతి గారిని ఒప్పించింది.

మర్నాడు సాయంత్రం చినుకుల్లో దారి చూపిస్తూ రాఘవేందర్ ఆమెని మాసయ్య ఉండే బస్తీకి తీసుకెళ్ళాడు. మాసయ్య పాలమూరు నుంచి వచ్చినవాడు. రాఘవేందర్ వాళ్ళ మేడ కట్టింది అతనే. సంగతి విని ముందు నవ్వాడు, తర్వాత కొంచెం నొచ్చుకున్నాడు.

"కిరాయి అయితే ముందుగాల బేరం చేస్తం గద అమ్మా. ఈ పిలగాడు నా బిడ్డను సొంత అన్న లెక్క సాగనంపిండు. అన్నకు బట్టలు పెట్టకుంటే మాకు మర్యాదేనా?"

ఆ మాటల్ని పల్లవి ఉన్నదున్నట్టు రాసుకుంది. బయల్దేరబోతుంటే మాసయ్య భార్య ఆశమ్మ బొట్టు పెట్టి రవిక గుడ్డ చేతికిచ్చింది.

"మరి మీరు గూడ కిరాయికి వచ్చినట్టేనా మేడం?" అన్నాడు రాఘవేందర్.

పల్లవి పకపకా నవ్వేసింది. ఈ నవ్వు రోజూ వినాలని ఉందని రాఘవేందర్ తనలో తాను ఒప్పేసుకున్నాడు.

క్లెయిము పాసైంది. ఫియట్ కొత్త పెళ్ళికొడుకులా తయారైంది. ఇక ఆఫీసుతో పనేమీ లేకపోయినా రాఘవేందర్ ఒక శనివారం మళ్ళీ వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఒక డౌటుంది. పక్క సీట్ల కూర్చున్నోళ్ళకు దెబ్బ తగిలితే మా పాలసీ ఇస్తదా?"

"ఇవ్వదు. దానికి విడిగా ప్రీమియం కట్టి రాయించుకోవాలి. ఎవరు కూర్చుంటారు మీ పక్కన?"

"ఇప్పటిదాంక ఎవరు లేరు." కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాడు. "మీరు కూర్చుంటనంటే ఇయ్యాల్నే రాయిస్త. మీరంటే నాకు ఇష్టం."

పల్లవి చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో పెన్నుకి మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"రేపు ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు, నల్లకుంటలో," అంది మెల్లగా. "మీరొక్కరే రాకండి. మాసయ్య గారిని కూడా తీసుకురండి. మీ గురించి ఆయన చెబితే ఎవరైనా నమ్ముతారు. నేను నమ్మాను కదా."