విత్తనం పసుపు

వాకిలి ఊడ్చి, ముగ్గేసి, మాణిక్యమ్మ కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుందో లేదో, పక్కింటి సీతారావమ్మ గేటు తీసుకుని వచ్చింది.

"వదినా, లిఖిత లేచిందా?"

మాణిక్యమ్మకు నోట్లో కాఫీ చేదెక్కింది. దుగ్గిరాల పక్కనున్న ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా పసుపు గురించి ఎవరికే సందేహం వచ్చినా ఈ గడపే తొక్కేవారు. దుంప కుళ్లితే ఏం చేయాలో, ఎప్పుడు తవ్వాలో, ఎంతసేపు ఉడకాలో ఆవిడ చెబితేనే వాళ్లకు నమ్మకం. కోడలు కాపురానికొచ్చి మూడేళ్లయినా నిండలేదు, ఇప్పుడు అందరికీ ఆ పిల్లే కావాలి.

"పెరట్లో ఉంది. ఏంటి పని, నాకు చెప్పకూడదా?"

"పేడా, బెల్లం కలిపి పెట్టిన జీవామృతం మడికి ఎంత పోయాలో కనుక్కుందామని. అయ్యన్నీ నీకేం తెలుసులే వదినా" అంటూ సీతారావమ్మ నవ్వుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.

అన్నది సీతారావమ్మ అయినా, మాణిక్యమ్మ ఒళ్లు మండింది మాత్రం కోడలి మీదే.

మండదా మరి? ఆ పిల్లకు పేరు తెచ్చింది తన పసుపే. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అమ్మ కొంగున కట్టిచ్చిన కొమ్ముల్ని మాణిక్యమ్మ స్నానాల గది వెనక, నీళ్లు పారే చోట నాటుకుంది. సన్నటి కొమ్ము, విరిస్తే చెయ్యంతా వాసన. రెండేళ్ల కిందట లిఖిత అడిగితే గుప్పెడు తీసి ఇచ్చింది. మందులేవీ వేయకుండా లిఖిత వాటిని రెండు మళ్లకు పెంచింది. తెనాలిలో ఆదివారం సంతకు ఆ పొడి తీసుకెళితే, "లిఖిత పసుపు" అని అడిగి మరీ కొంటున్నారట. ఆ మాట విన్నరోజే మాణిక్యమ్మ, "ఆ పాదు జోలికి ఇంక రాకు" అని కోడలికి గట్టిగా చెప్పేసింది.

ఈ ఏడు ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘంలోని ఇరవై మందికీ విత్తనం పంచాలని లిఖిత రెండు గంపలు విడిగా తీసి, ఎండాకులు కప్పి పాకలో పెట్టింది. పంపకం రేపే.

ఆ మధ్యాహ్నం దొడ్లో చేలోని పసుపు ఉడుకుతోంది. లిఖిత సంచుల కోసం తెనాలి వెళ్లింది. పొయ్యి దగ్గరున్న వీరరాఘవయ్య, "కాస్త చూస్తుండు, అన్నం తినొస్తా" అని భార్య మాణిక్యమ్మకు చెప్పి లోపలికి వెళ్లాడు. ఉడికిన దుంప మొలకెత్తదని ఆ ఊళ్లో పలక పట్టిన పిల్లలకు కూడా తెలుసు. మాణిక్యమ్మ పాకలోకి నడిచింది. ఒక గంప తెచ్చి మరిగే బాణలిలో కుమ్మరించింది. రెండోదీ తెచ్చింది. అది కూడా ఒంపేశాక ఆవిరితో పాటు ఆ వాసన లేచింది, అచ్చం అమ్మ వంటింటి వాసన. గబుక్కున గంపల్లోకి చూసింది. గంపలు అప్పటికే ఖాళీ.

సాయంత్రం లిఖిత ఆ గంపల్ని చూసింది. దొడ్లో ఉడికి ఆరబోసిన పసుపులో ఆ సన్నటి కొమ్ములు కనిపించాయి. మధ్యాహ్నం కాసేపు పొయ్యి దగ్గరున్నది అత్తయ్యేనని మామగారి మాటల్లో తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లంతా సంచులు పట్టుకొచ్చారు. లిఖిత తల దించుకుంది.

"ఏమీ అనుకోకండి పిన్నీ. విత్తనం గంపలని చూసుకోలేదు. నేనే బాణలిలో పోసేశాను."

"ఆమాత్రం తెలీదా అమ్మాయ్?" అంది సీతారావమ్మ. "ఇందుకే పెద్దవాళ్లని అడిగి చెయ్యాలనేది. మా వదిన చేతుల మీద ఏనాడన్నా ఇలా జరిగిందా?"

రెండేళ్లుగా ఆ మాట కోసమే మాణిక్యమ్మ చెవులు కాచుకుని ఉన్నాయి. తీరా అది వినపడ్డాక అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. మంచినీళ్లకని లిఖిత వెనకాలే వచ్చింది.

"నువ్వు పొయ్యలేదుగా. అబద్ధం ఎందుకు చెప్పావు?"

"కళ్లజోడు లేక మీరు పొరపాటున పోసుంటారని అనుకున్నానండి. మీరని తెలిస్తే ఇంక పసుపు గురించి మిమ్మల్ని ఎవరు అడుగుతారు అత్తయ్యా?"

మాణిక్యమ్మ గట్టు పట్టుకుంది.

"పొరపాటు కాదే. చూసే పోశాను. అందరూ నీకోసం వస్తుంటే ఓర్వలేకపోయాను."

లిఖిత చేతిలో చెంబు గట్టు మీద పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండేళ్ల కష్టమండి అది. నా మీద కోపముంటే నాలుగు తిట్టాల్సింది."

మాణిక్యమ్మ మూలనున్న గునపం తీసుకుని స్నానాల గది వెనక్కి వెళ్లింది. ఇన్నేళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని పాదులో మొదటి పోటు వేసింది. ఆ చప్పుడుకు ఆడవాళ్లంతా అక్కడికే వచ్చారు.

"విత్తనం పాడుచేసింది మా కోడలు కాదు, నేను. కుళ్లుతో చేశాను. తలా నాలుగు కొమ్ములే వస్తాయి, సంచులు పట్టండి" అంది తలెత్తకుండా.

సీతారావమ్మ ముందు తన సంచి తెరిచింది. లిఖిత వచ్చి అత్తగారి పక్కన కూర్చుని, వచ్చిన దుంపల్ని మట్టి దులిపి అందరికీ పంచింది. చివరికి గుంటలో ఒక్కటి మిగిలింది. మాణిక్యమ్మ దానికోసం వంగబోతే లిఖిత చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనివ్వండి అత్తయ్యా. వానలు పడగానే మళ్లీ వస్తుంది."

మాణిక్యమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అయితే నువ్వే మట్టి కప్పమ్మా" అంది, గునపం పక్కన పెడుతూ. "నీ చేత్తో కప్పు."