మౌసు ముట్టని పిల్లి

"మీ చదువరి మా ఇంట్లో నడవట్లేదండీ," అంటూ ఆ అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టిన రోజు బయట వాన దంచికొడుతోంది.

అతను తెర వంక చూశాడు. విండోస్. "నడవదు. ముందు లినక్స్ వేసుకుని రండి," అన్నాడు.

చదువరి అంటే తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. దాన్ని లినక్స్ అనే సిస్టమ్ కోసం మొదలుపెట్టింది అతనే. ప్రతి శనివారం లైబ్రరీ మేడ మీది గదిలో కొందరు చేరి దానికి మెరుగులు దిద్దేవాళ్ళు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు; కానీ ఎవరు ఏ మార్పు పంపినా అతను ఒప్పుకుంటేనే అందులో చేరుతుంది. మౌసు ముట్టకుండా అన్నీ కీబోర్డుతోనే కానిస్తాడు కాబట్టి, మౌసుకి శత్రువని అందరూ అతన్ని పిల్లి అనేవాళ్ళు.

"అయితే నేనే నడిపిస్తాను. కోడ్ అందరిదేగా?" అందామె.

"అందరిదే."

"మరి మొహం అలా పెట్టారేం?"

గదంతా నవ్వింది. విండోస్ మనిషి కాబట్టి ఆమెకి కిటికీ అని పేరు పెట్టి అతను కసి తీర్చుకున్నాడు. ఆమె హాయిగా ఆ పేరుకే పలికింది. చూస్తూండగానే అతను శనివారానికి చొక్కా బుధవారమే ఇస్త్రీ చేయించుకునే స్థితికొచ్చాడు. అడిగితే మాత్రం, ప్రోగ్రాం మీద శ్రద్ధ అనేవాడు.

"మీ లాప్‌టాప్‌లో ఓ మూల విండోస్ వేసుకుంటే నా మార్పులు మీరే పరీక్షించొచ్చు కదా?" అని ఓసారి అడిగింది.

"నా మిషన్‌లో దానికి చోటు లేదు," అన్నాడు, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

ఆ తర్వాతి వారం మ్యాక్ లాప్‌టాప్ పట్టుకుని కొత్తగా ఒకబ్బాయి దిగాడు; అందరికీ మ్యాక్ అబ్బాయి. అందులో విండోస్, లినక్స్, అన్ని సిస్టమ్‌లూ నడుస్తాయట. కిటికీ కుర్చీ లాక్కుని వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే తెరలోకి తొంగిచూస్తూ ఒకటే నవ్వులు. మన పిల్లికి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటో అంత నవ్వొచ్చే కోడు?" అన్నాడు.

"మీకు నచ్చదులెండి. విండోస్ జోకు," అందామె.

ఆ వారం ఆమె తన మార్పు పంపింది. తెరిచి చూస్తే అతని ఫైలంతా ఎరుపూ పచ్చా. పాత లైన్లన్నీ పోయినట్టు, వాటి చోట కొత్తవి వచ్చినట్టు చూపిస్తోంది. ఇంకెవడు, ఆ మ్యాక్‌వాడే పక్కన కూర్చుని రాయించి ఉంటాడు అనుకున్నాడు. ఇక ఆ ఫైలు కిందికి చదవబుద్ధి కాలేదు.

శనివారం అందరి ముందూ అడిగేశాడు. "నా కోడంతా తీసిపారేయమని మీకెవరు చెప్పారు? ఆయనా?"

ఆమె తెల్లబోయింది. "నేను మార్చింది ఒక్క లైనండీ."

"ఫైలంతా మారింది. నాకు కళ్ళు లేవనుకున్నారా?"

మ్యాక్ అబ్బాయి మెల్లగా దగ్గాడు. "బాస్, లైను చివరి గుర్తులు చూశారా?"

లైను ఎక్కడ అయిపోయిందో చెప్పే గుర్తు ఒకటుంటుంది. అది కంటికి కనబడదు. విండోస్‌ది ఒక రకం, లినక్స్‌ది ఇంకో రకం. ఆమె ఫైలు సేవ్ చేసినప్పుడు అన్ని లైన్లకీ ఆ గుర్తు మారిపోయింది, అంతే. రాత మాత్రం, ఆ ఒక్క లైను తప్ప, అక్షరం పొల్లుపోకుండా అతనిదే. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే అతను చెప్పే పాఠం ఇది. అసూయ కళ్ళకి కమ్మినవాడికి పాఠాలేం గుర్తుంటాయి?

ఆమె లాప్‌టాప్ మూసింది. "మా నాన్నకి చూపు తగ్గిపోయింది. విండోస్‌లో ఏ పనికి ఏ మీట నొక్కాలో ఆయన వేళ్ళకే తెలుసు. ఈ వయసులో కొత్తది నేర్చుకోమని ఎలా అడగను? మొదట మీ దగ్గరికే వచ్చాను. పరీక్షించమని మిమ్మల్నే అడిగాను. చోటు లేదన్నారు. ఇక ఈ పని మేం విడిగా చేసుకుంటాం."

మేం అంటే ఎవరెవరో అతనికి వేరే చెప్పక్కర్లేదు. ఆమె మెట్లు దిగిపోయింది. ఇక ఏ శనివారమూ రాదన్న ఆలోచనకే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు సగం డిస్కు ఖాళీ చేసి విండోస్ వేశాడు. ఆమె రాసిన లైను నడిపి చూశాడు. చదువరి గలగలా చదివింది. ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళూ బిగుసుకు కూర్చున్నానని సిగ్గేసింది.

ఆమె ఇంటి అడ్రసు మ్యాక్ అబ్బాయినే అడగాల్సొచ్చింది. అడ్రసు ఇతనికెలా తెలుసన్న అనుమానం మళ్ళీ గిల్లింది.

"వాళ్ళ నాన్నగారి మిషన్ చూడ్డానికి వెళ్ళాను బాస్," అన్నాడతను. "ఆవిడ కూర్చునేది నా పక్కన, మాట్లాడేది మీ గురించి. నాకూ విసుగొచ్చింది. త్వరగా వెళ్ళండి."

తలుపు ఆమే తీసింది. అతను గడప అవతలే నిలబడ్డాడు.

"మీ మార్పు చేర్చేశాను. విండోస్ వేసుకుని నేనే పరీక్షించాను. నాది సిస్టమ్ గొడవ కాదండీ. మీరు అతని పక్కన కూర్చుంటే చూడలేకపోయాను. మీరంటే నాకిష్టం."

"ఈ ముక్క ముందే చెప్తే అతని పక్కకి కుర్చీ లాక్కెళ్ళే పని తప్పేది కదా," అని ఆమె నవ్వు ఆపుకుంటూ లోపలికి తిరిగింది. "నాన్నా, పిల్లిగారొచ్చారు."

కీబోర్డు ముందు కూర్చున్న పెద్దాయన చదువరిని ఆపి ఇటు తిరిగారు. "నువ్వేనా బాబూ ఆ మొండివాడివి?"

"నేనేనండి. మానేశాను."

"పూర్తిగా మానకు. మా అమ్మాయితో వేగాలంటే కొంత ఉండాలి," అంటూ ఆయన పక్క కుర్చీని చేత్తో తడిమి అతని వైపు జరిపారు.